ఆకాశంలోంచి రాలిన మఫ్లర్

మఫ్లర్ అంటే చలికాలంలో తాతయ్య మెడకు చుట్టుకునేది అనుకునేరు. అది కాదు. బైక్‌కి సైలెన్సర్ ఉంటుంది కదా, పెట్రోల్ ఇంజిన్‌తో ఎగిరే మోడల్ విమానానికీ అలాంటిదే ఒకటి ఉంటుంది. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా. మా హాబీ వాళ్లు దాన్ని మఫ్లర్ అంటారు. రెండంటే రెండు బోల్టుల మీద ఇంజిన్ పక్కన వేలాడుతుంది. ఈ వారం కథంతా ఆ రెండు బోల్టులదే.

పోయిన ఎండాకాలం సంగతి. సిద్దిపేట వైపు ఎండిపోయిన ఓ చెరువులో విమానం ఎగరేస్తున్నాం. 30 సీసీ ఇంజిన్, కొత్తది. బ్యాటరీ చూశా, రిమోట్ చూశా, రెక్కల స్క్రూలు చూశా. మఫ్లర్ వైపు మాత్రం చూడలేదు. దానికి థ్రెడ్ లాకర్, అదే బోల్టులు ఊడకుండా పూసే నీలం గమ్, బాగా దట్టించాను కాబట్టి ఇక భయం లేదనుకున్నా.

ఐదో నిమిషంలో ఇంజిన్ గొంతు మారింది. అప్పటిదాకా బుర్రుమని పాడుతున్నది ఒక్కసారిగా టపాకాయల సరం అంటించినట్టు మోత మొదలెట్టింది. నల్లటి ముక్క ఒకటి గిరగిరా తిరుగుతూ కిందికి రాలడం కనిపించింది. థ్రాటిల్ తగ్గించి, ఎలాగోలా విమానాన్ని దింపేసి, ఆ ముక్క పడిన వైపు పరిగెత్తా.

అక్కడ ఓ పదేళ్ల పిల్లాడు మేకలు కాస్తున్నాడు. మఫ్లర్ వాడికి పదడుగుల దూరంలో పడింది. వాడు భుజం మీది తువ్వాలు కొసతో దాన్ని పట్టుకుని ఎదురొచ్చాడు. "అన్నా, గిది మీదేనా?" అన్నాడు. తువ్వాలు కాలి, గుడ్డ వాసన వస్తోంది. వెనకాలే వాళ్ల తాత వచ్చాడు. నన్ను తిట్టలేదు. "పోరని నెత్తి మీద పడితే ఏమైతుండె బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి లెక్క వేసుకున్నా. 40 మీటర్ల ఎత్తు నుంచి రాలే వస్తువు, గాలి అడ్డును పక్కనబెడితే, నేలకు చేరేసరికి సెకనుకు 28 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు వంద కిలోమీటర్లు. పైగా కాలుతున్న లోహం. మేకలు మేస్తున్న వైపు విమానం తిప్పడం నా మొదటి తప్పు. రెండోది ఆ బోల్టులు.

మా సీనియర్ అన్న ఇంజిన్ చూసి ఒకటే అడిగాడు. "గమ్ ఎంత పోసినవ్ రా?"

"చాలానే పోశా అన్నా."

"ఆ గమ్ పెట్టిన బోల్ట్ ఊడి రాకపోతే ఏం చేస్తం?"

"వేడి చేస్తం..."

చెప్తుండగానే నాకు బల్బు వెలిగింది. థ్రెడ్ లాకర్ పట్టు వదలాలంటే దానికి సుమారు 250 డిగ్రీల వేడి చూపించాలి. మామూలు నీలం రకం పనిచేసేదే 150 నుంచి 180 డిగ్రీల వరకు. ఇంజిన్ పొగ బయటికి వచ్చే చోట ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు. అంటే నేను పూసిన గమ్‌ని ఇంజినే కాల్చి వదిలించేసింది. గమ్‌ది తప్పేం లేదు. అమెరికాలో వెర్నన్ క్రీబల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 1953లో తయారుచేసిన రకం అది. గాలి తగలని చోట, లోహం మధ్య గట్టిపడుతుంది. లక్షల యంత్రాల్లో చక్కగా పనిచేస్తోంది. నేనే తప్పు చోట నమ్ముకున్నా.

అసలు బోల్ట్ ఎందుకు వదులవుతుంది? మనం బిగించినప్పుడు బోల్ట్ రబ్బర్ బ్యాండ్‌లా కొంచెం సాగుతుంది. ఆ సాగుడే రెండు ముక్కల్నీ నొక్కిపెట్టి ఉంచుతుంది. కానీ ఎంత సాగుతుందో తెలుసా? 10 మిల్లీమీటర్ల మందాన్ని పట్టుకున్న స్టీల్ బోల్ట్, గట్టిగా బిగిస్తే, మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు. మన తల వెంట్రుక మందం కంటే తక్కువ. మన మొత్తం భద్రత ఆ కాస్త మీదే ఉంది.

ఇప్పుడు వేడి తోడయింది. అల్యూమినియం వేడికి స్టీల్ కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. మఫ్లర్ ఉబ్బుతుంది, బోల్ట్ అంత ఉబ్బదు. దాంతో బోల్ట్ తల కింద మెత్తటి అల్యూమినియం నలుగుతుంది, మధ్యలో కాగితం ప్యాకింగ్ ఉంటే అదీ నలుగుతుంది. చల్లారాక నలిగింది తిరిగి లేవదు. ఆ కాస్త సాగుడూ అక్కడే ఖర్చయిపోతుంది. బోల్ట్ చూడ్డానికి బిగువుగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు.

ఆ తర్వాత పని వైబ్రేషన్‌ది. ఇంజిన్ నిమిషానికి 7,000 సార్లు తిరుగుతుంటే, టూ స్ట్రోక్ కాబట్టి సెకనుకు 117 పేలుళ్లు. పది నిమిషాల్లో 70 వేల దెబ్బలు. జర్మన్ ఇంజినీర్ గెర్హార్డ్ యుంకర్ 1969లోనే చూపించాడు, బోల్ట్‌ని ఎక్కువగా విప్పేది పొడవునా లాగే బలం కాదు, పక్కకు జరిపే కదలిక అని. ముక్కలు ఒకదాని మీద ఒకటి జారడం మొదలైతే బోల్ట్ తనంతట తనే తిరిగి వచ్చేస్తుంది.

మరి స్ప్రింగ్ వాషర్ వేస్తే సరిపోదా? నేనూ అదే అడిగా. బోల్ట్ పూర్తిగా బిగిసేసరికి ఆ వాషర్ చదునైపోయి మామూలు వాషర్‌లాగే ఉంటుంది. నాసా 1990లో వేసిన బోల్టుల మాన్యువల్ కూడా ఊడకుండా ఆపడానికి అది పనికిరాదనే తేల్చింది.

అన్న నాతో చేయించిన పద్ధతి ఇదీ. ముందు రెండు ముఖాలూ చదునుగా ఉన్నాయా అని చూశాం. అద్దం ముక్క మీద సన్నటి శాండ్‌పేపర్ పెట్టి మఫ్లర్ అంచును మెల్లగా రుద్దితే ఎత్తుపల్లాలు బయటపడతాయి. కాగితం ప్యాకింగ్ తీసేసి, వేడిని తట్టుకునే సిలికాన్ పల్చగా రాశాం. థ్రెడ్‌లలో నూనె జిడ్డు లేకుండా బ్రేక్ క్లీనర్‌తో కడిగాం.

తర్వాత పొడవు బోల్టులు. 10 మిల్లీమీటర్ల పట్టు ఉన్న చోట స్టీల్ గొట్టం ముక్క తొడిగి 30కి పెంచాం. అప్పుడు అదే బిగువులో బోల్ట్ మూడింతలు సాగుతుంది. కింద అల్యూమినియం అంతే నలిగినా, ఇంకా మూడింట రెండు వంతుల పట్టు మిగులుతుంది. ఒక్క జాగ్రత్త. బోల్ట్ కొస రంధ్రం అడుగుకి తగలకూడదు. తగిలితే బిగిసినట్టు అనిపిస్తుంది గానీ మఫ్లర్‌ని పట్టుకోదు.

ఆపైన అసలు ఓపిక పని. గమ్ ఏమీ లేకుండా బిగించి, నేల మీదే ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించాలి. మొదటిసారి అలెన్ కీ పావు చుట్టు తిరిగింది. రెండోసారి కొంచెం. మూడోసారి కదల్లేదు. అప్పుడే ఒక్కో బోల్టూ తీసి, తుడిచి, ఎక్కువ వేడికి చేసిన థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క పెట్టి వేశాం. ముందే గమ్ పెడితే మళ్లీ బిగించిన ప్రతిసారీ ఆ పట్టు విరిగిపోతుంది.

చివర్లో సేఫ్టీ వైర్. బోల్ట్ తలలకు రంధ్రం చేసి స్టీల్ తీగ దూర్చి మెలిపెడతారు. ఒకటి విప్పుకోబోతే తీగ రెండోదాన్ని బిగించే వైపు లాగుతుంది. నిజం విమానాల్లోనూ ఇదే వాడతారు. అయితే తీగ బోల్ట్ బిగువును కాపాడదు. బోల్ట్ ఊడి రాలిపోకుండా ఆపుతుంది, అంతే. నాకు కావలసింది కూడా ముందు అదే.

ఇప్పుడు రెండు బోల్టుల తలల మీదుగా మఫ్లర్ మీదికి తెల్ల పెయింట్‌తో గీత గీశా. గీత తెగినట్టు కనిపిస్తే బోల్ట్ తిరిగిందన్నమాట. అతుకు దగ్గర నల్లటి జిడ్డు చార కనిపించినా అంతే, పొగ కారుతోందని. రెండింట్లో ఏది కనిపించినా ఆ రోజు ఎగరేసేది లేదు. ఇంటికి వెళ్లడమే.

మేము ఇంకా అదే చెరువుకి వెళ్తున్నాం. ముందు వెళ్లి తాతకి చెప్తాం, మేకలు గట్టు అవతలికి వెళ్లాకే స్టార్ట్ చేస్తాం. పిల్లాడికి కొత్త తువ్వాలు ఇచ్చాం. వాడు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఇంజిన్ వైపు తొంగి చూస్తాడు. "అన్నా, గీత కలిసే ఉంది" అంటాడు. వాడు చెప్పినా సరే, అలెన్ కీ పెట్టి నేను ఇంకోసారి చూసుకుంటా.

మీకు మోడల్ విమానం లేకపోవచ్చు. బైక్ ఉంటుందిగా? ఈ ఆదివారం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ బోల్టులు ఓసారి కదిపి చూడండి. రెండు నిమిషాల పని.