సోఫా వాసన, సీమోను ఇల్లు



ఈ వారం వాక్యం కంటే ముందు ఒక సోఫా సంగతి చెప్పాలి. మందిరం పక్క గదిలోకి వచ్చిన ఆ నల్ల తోలు సోఫాను మీలో చాలామంది చూశారు. కొంతమంది చూడకముందే వాసన పట్టారు.

రామగుండం వైపు క్వార్టర్లలో బదిలీ అయినవాళ్లు సామాను అమ్ముకుని పోవడం మనకు తెలిసిందే. అలా వెళ్తున్న ఒక కుటుంబం దగ్గర మూడు సీట్ల సోఫాను 6,500 రూపాయలకు కొన్నాం. ప్రార్థనకు వచ్చే ముసలివాళ్లు చాప మీద కూర్చుంటే మళ్లీ లేవలేకపోతున్నారని మా ఆలోచన. అక్కడ ఏసీ గదిలో ఏ వాసనా తెలియలేదు. వానల్లో ట్రాలీ మీద టార్పాలిన్ కప్పి తెచ్చి, తలుపులు మూసిన గదిలో రెండు రోజులు ఉంచేసరికి అసలు సంగతి బయటపడింది. సిగరెట్టు, చెమట, తడిసి ఆరని గుడ్డ, అన్నీ కలిసిన వాసన.

మేము చేసిన పనులు ఒప్పుకోవాలి. మొదట రూమ్ స్ప్రే కొట్టాం. తర్వాత సందుల్లో కలరా ఉండలు వేశాం. ఆ తర్వాత పౌడరు చల్లాం. చివరికి మల్లెపూల తోటలో ఎవరో సిగరెట్టు తాగుతున్నట్టు తయారైంది. బుధవారం కూడికలో ఒక చెల్లెమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, మేమే నవ్వుతూ, "ఏం చేస్తామమ్మా, తోలు కంపు, పోదు" అన్నాం.

వెనక వరసలో కూర్చున్న మన పెద్దయ్య ఒకరు తల దించుకున్నారు. కూడిక కాగానే చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆయన తండ్రి, తాత లంద పని చేసినవాళ్లని మాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాం.

మరునాడు పొద్దున్నే ఆయనే వచ్చారు, చేతిలో ఒక సంచితో. "అయ్యగారూ, గది తోలు వాసన గాదు. మంచిగ పదునుపెట్టిన తోలు గిట్ల కంపు కొట్టది. తోలుకు తంగేడు వాసన ఉంటది, నూనె వాసన ఉంటది. గిది కూసున్నోళ్ల వాసన" అన్నారు. సోఫా సీటు కింద గొలుసు తెరిచి లోపలి స్పాంజి బయటకు లాగి మా ముక్కు దగ్గర పెట్టారు. నిజమే, కంపంతా అందులో ఉంది. తోలు పైభాగాన్ని ఒక్కదాన్నే వాసన చూస్తే దాదాపు ఏమీ లేదు.

మీలో కూడా చాలామంది పాత సోఫాలు కొంటున్నారు కాబట్టి ఆయన చెప్పినవీ, మేము ఈ మూడు వారాల్లో నేర్చుకున్నవీ చెప్తాం. ముందు స్పాంజి చూడండి. అది తడి పట్టి ఉంటే పైన ఎంత తుడిచినా లాభం లేదు, పరుపుల దుకాణంలో కొత్తది కోయించి వేయించండి. తోలును ఎండలో పెట్టకండి. ఎండకు లోపలి నూనె ఆరిపోయి పగులుతుంది. నీడ ఉండి గాలి ఆడే వసారాలో రోజుల తరబడి ఉండనివ్వండి. తెల్లగా బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి, ఆరుబయట ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తని బ్రష్షుతో దులపండి. తర్వాత, కనపడని చోట ఒక నీటి చుక్క వేసి చూడండి. పీల్చుకుంటే అది పైపూత లేని తోలు, దాన్ని తడపకూడదు. చుక్క అలాగే నిలిస్తే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. ఆ వెంటనే మంచినీళ్ల గుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో. కుట్ల సందుల్లో వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులిపేయవచ్చు, కానీ పదేపదే వద్దు, తోలు ఎండిపోతుంది. అన్నీ అయ్యాక తోలుకు రాసే క్రీము పలుచగా రాయండి. కొబ్బరినూనె మాత్రం రాయకండి. దుమ్ము పట్టి, కొన్నాళ్లకు అదే ఇంకో వాసన.

పెద్దయ్య తెచ్చిన సంచిలో ఉన్నది కట్టెబొగ్గు. పలుచని గుడ్డలో మూటలు కట్టి సీట్ల కింద పెట్టించారు, అది వాసనను పీల్చుకుంటుంది. గోదావరిఖని పిల్లలు వెంటనే "సింగరేణి బొగ్గు పెట్టొచ్చా" అని అడిగారు. వద్దు నాయనా, అది పొయ్యికే. సోఫా నల్లగా ఉంది కదా అని ఇంకా నలుపు చేయకండి.

ఇంతవరకు సోఫా సంగతి. మమ్మల్ని నిద్రపోనివ్వనిది మేమన్న మాట.

మన ఊళ్లలో లంద ఊరి చివర ఉండేది. సున్నపు నీళ్లలో తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేవారు. బతుకమ్మలో పేర్చే పువ్వు ఏ చెట్టుదో, లందలో వేసే చెక్క కూడా ఆ చెట్టుదే. పువ్వు ఊరి నడుమకు వచ్చింది, చెక్క ఊరి బయటే ఆగింది. ఆ తోలుతోనే మోట తొండం కుట్టారు. దానితో తోడిన నీళ్లకే వరి పండింది, ఆ అన్నం అందరూ తిన్నారు. కంపు మాత్రం కుట్టినవాళ్ల పేరున మిగిలింది. లందను పొగడడం మా ఉద్దేశం కాదు. సున్నానికి వేళ్లు తెగిన పని అది. నిజాం కాలంలో దొరలకు చెప్పులు, వ్యవసాయపు తోలు సామాను వెట్టికి చేసి ఇచ్చిన పని. మన పిల్లలు అందులోంచి బయటపడ్డందుకు దేవునికి స్తోత్రం. కానీ పనిని వదలడం వేరు, ఆ పని చేసిన తాతను దాచడం వేరు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివర చూడండి. పేతురు యొప్పేలో చాలా దినాలు చర్మకారుడైన సీమోను ఇంట్లో ఉన్నాడు. ఆ ఇల్లు సముద్రం పక్కన ఉందని 10వ అధ్యాయం చెబుతుంది. యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో తోళ్ల పనిశాల పట్టణానికి 50 మూరల దూరంలో, తూర్పు దిక్కునే ఉండాలని నియమం ఉంది. భర్త చర్మకారుడైతే, ఆ కంపు భరించలేనని భార్య విడాకులు అడగవచ్చని కూడా ఉంది. దూరాన యొప్పేలోనూ, మన ఊరి చివరనా, కొలత ఒక్కటే. పేతురు మేడ మీద దర్శనం చూసి, కొర్నేలి ఇంటికి వెళ్లిన సంగతి మీద మేమే ఎన్నో ప్రసంగాలు చేశాం. ఆ మేడ సీమోనుదని, పేతురు అక్కడ రోజూ తిని పడుకుని ఆ గాలే పీల్చాడని ఒక్కసారీ ఆగి చెప్పలేదు. అన్యజనుల ఇంటికి వెళ్లే ధైర్యం పేతురుకు అక్కడే మొదలైందని మా అభిప్రాయం. ఎవరైనా పండితులు కాదంటే వింటాం.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ తోలు ఉంది. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య విశ్వాసి అయి, ఆ దారుల్లోనే సువార్త చెప్పాడు. ఆయనను ఎరిగిన క్లౌ దొరసాని 1899లో ఆ ప్రజల కథలను పుస్తకంగా వేసినప్పుడు దాని పేరులోనే చెప్పులు కుట్టడం ఉంది. ఆమె దాచలేదు. మనం సాక్ష్యాల్లో తాగుడు చెప్తాం, జూదం చెప్తాం, అవి నిజంగా మనం చేసిన తప్పులు. తాత లంద గురించి మాత్రం పెళ్లి సంబంధాల ముందు నోరు విప్పం. అది తప్పు కాదే! రూమ్ స్ప్రే కొట్టవలసిన చోటు అది కాదు.

పోయిన బుధవారం మేము పెద్దయ్యకు అందరి ముందు క్షమాపణ చెప్పాం. ఆయన "గంత దూరం ఎందుకు అయ్యగారూ" అన్నారు గానీ, కూర్చోమంటే సోఫాలో మధ్య సీటులోనే కూర్చున్నారు. కొత్త స్పాంజికి 2,800 అయింది. వాన పడిన రోజు ఇంకా కొంచెం వాసన వస్తోంది. బొగ్గు మూటలు మార్చాలట. మీ ఇంట్లోనూ ఇలాంటి సోఫా ఉంటే వచ్చే బుధవారం కూడిక తర్వాత ఆయన్ను అడగండి, వచ్చి చూస్తానన్నారు. బండి మీద తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపండి.