ఆడలేక మద్దెల ఓడు

కూచిపూడిలో పుట్టి పెరిగిన నేను ఈ సామెతను ఆటగాళ్ళ విషయంలోనే వింటూ వచ్చాను. ఈమధ్య రేడియో విషయంలో వాడవలసి వచ్చింది.

మా వీథి కుర్రవాడొకడు వేలెడంత పరికరం తెచ్చాడు. కంప్యూటరుకు తగిలిస్తే రేడియో అవుతుంది. టీవీ కోసం తయారైన ఆర్‌టీఎల్ 2832యూ అనే చిప్పుతో నానారకాల ప్రసారాలనూ పట్టవచ్చునని 2012లో ఔత్సాహికులు లోకానికి చాటారు. ఇది ఆ జాతిదే. రెండురోజులు కుస్తీపట్టి, "ఏమీ రావడం లేదు మాస్టారూ, యాంప్లిఫయరు కొనాలిట" అన్నాడు. వెళ్ళి చూద్దును కదా, దానితోపాటు వచ్చిన జానెడు కడ్డీ గదిలో, ఇనుపబీరువా పక్కన, ఎల్‌ఈడీ దీపం కింద నిలబడి ఉంది!

కొనమని సలహా ఇచ్చినవారితోనే నా పేచీ. శ్రుతి తప్పిన గాయకుడికి మైకు పెంచితే పాట బాగుపడుతుందా? ఆ పరికరం 8 బిట్లది. అది గుర్తించగల మెట్లు 256 మాత్రమే. ఎఫ్‌ఎం స్టేషన్ల హోరును ఇంకా పెంచి దాని నెత్తిన పోస్తే, సన్నని సంకేతం అడుగున నలిగిపోతుంది. దీపాలూ చార్జర్లూ పుట్టించే రొదా అంతకంత పెరుగుతుంది. పొడవైన కేబులుకు ఏరియల్ దగ్గరే తగిలిస్తే యాంప్లిఫయరుకూ ప్రయోజనం లేకపోలేదు. కాని అది తరువాతి మాట.

ముందు తీగ. 75ను మెగాహెర్ట్జుల సంఖ్యతో భాగించి, నూటికి అయిదుపాళ్ళు తగ్గిస్తే ఒక్కొక్క చేయి ఎన్ని మీటర్లుండాలో తేలుతుంది. ఉపగ్రహాలు పలికే 137 మెగాహెర్ట్జులకు 52 సెంటీమీటర్లు. ఇంటి వైరింగులో మిగిలిన రాగితీగ రెండు ముక్కలు కోసి, 120 డిగ్రీల కోణంలో వెదురుబద్దలకు కట్టి, ఒకదాన్ని కేబులు నడిమితీగకూ రెండవదాన్ని పైఅల్లికకూ టంకం పెట్టి, డాబా మీద అడ్డంగా నిలిపాము. అది పాత టీవీ కేబులు, 75 ఓంలది; 50 ఓంలది కాకపోతే పనికిరాదని శాస్త్రం చెప్పేవారున్నారు. ఆ తేడావల్ల వెనక్కు పోయేది నూటికి నాలుగుపాళ్ళు! యతి తప్పిందని పద్యమే వినడం మానేసే పండితులను నేనెరుగుదును. కొంతకాలం నేనూ ఆ కోవలోవాడినే. మా వైపు అసలు శత్రువు ఉప్పుగాలి. అతుకుమీద గట్టిగా టేపు చుట్టకపోతే చిలుముపట్టి ఊరుకుంటుంది.

అమెరికావారి నోవా ఉపగ్రహాలు ఎన్నో ఏళ్ళు ఇటువంటి తీగలకు బొమ్మలిచ్చి 2025లో మూగబోయాయి. రష్యావారి మెటియోర్ మాకు దక్కింది. బంగాళాఖాతం మీది మబ్బులు పట్టీలు పట్టీలుగా తెరమీదికి దిగుతుంటే కుర్రవాడు కుర్చీలో కూర్చోలేకపోయాడు.

"అవన్నీ ఫోనులో వస్తాయి కదండీ పంతులుగారూ, ఈ వయసులో తీగలతో ఆటలేమిటి?" అన్నారొక పెద్దమనిషి. ఫోనులో వచ్చేది ఎవరో పట్టి, ఎవరో పంపి, దారిలోని టవర్లన్నీ నిలిచి ఉంటేనే వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నంలో ఎన్ని ఫోన్లు మోగాయో వారు కనుక్కోవచ్చు. 1977 నవంబరు 19 నాటికి నాకు పదహారేళ్ళు. కరెంటు లేదు. దారులకడ్డంగా చెట్లు. పక్కింటి ట్రాన్సిస్టరుకు రాగితీగ నాలుగు చుట్లు చుట్టి, రెండవ కొసను విరిగిన కొబ్బరిమొద్దుకు కట్టి, వీథి వీథంతా చుట్టూ నిలబడి విన్నాము. దివిసీమను ఉప్పెన ముంచిందని, అవనిగడ్డ అవతల మా బంధువులున్న పల్లెల సంగతి తేలలేదని, మాకు తెలిసింది ఆ తీగవల్లనే. ఆటట!

మచిలీపట్నంలో 2004 నుంచి రాడారుంది, హెచ్చరికలు ముందుగా వస్తున్నాయి, కాదనను. గాలివానకు ముందు ఎగిరిపోయేది మా వెదురుబద్దలే, అదీ ఒప్పుకుంటాను. అయితే వాటిని అరగంటలో మళ్ళీ కట్టగలము. పడిపోయిన టవరును ఆ పెద్దమనిషి నిలబెట్టగలరా? (ఉరుములు వినబడితే మాత్రం తీగ ఊడదీసి బయటే పడేయండి. ఇందులో వాదం లేదు.)

ఇప్పుడు వాడి దృష్టి విజయవాడ ఎఫ్‌ఎం 102.2 మీద పడింది. చేయికి 70 సెంటీమీటర్లు కావాలని లెక్క కట్టుకున్నాడు. వాళ్ళమ్మగారు బట్టలారేసుకునే తీగ నిన్నటినుంచి కనబడటం లేదట. నన్నడుగుతున్నారు.