మన లెక్కలు – 7: లాభం ఎవరింట్లో ఉంది?



"అన్నా, ఆడిటర్ కాయితంలో లాభం చూపించాడు. జేబులో రూపాయి లేదు. ఎవరిది అబద్ధం?" దర్శిలో చిన్న వ్యాపారం పెట్టుకున్న మనవాళ్ళు నన్ను తరచూ అడిగే మాట ఇది. అబద్ధం ఎవరిదీ కాదు. ఆ రెంటి మధ్య ఉన్నది అరువు. ఆ అరువు వెనక చాలాసార్లు కులం ఉంటుంది.

ఒక కారం మిల్లు అనుకుందాం. ఏడాది అమ్మకం 12 లక్షలు. మిరపకాయలకి 8 లక్షల 40 వేలు. కూలీ, కరెంటు, అద్దె, వడ్డీ కలిపి 2 లక్షల 40 వేలు. లాభనష్టాల ఖాతాలో మిగులు లక్షా 20 వేలు. కానీ ఆ అమ్మకంలో లక్షన్నర అరువు, ఇంకా రాలేదు. ఖర్చంతా మనం నగదే కట్టాం. అంటే చేతిలో డబ్బు 30 వేలు తగ్గింది. ఆ లక్షన్నరేమో ఆస్తి అప్పుల పట్టీలో 'రావాల్సిన బాకీలు' అని ఆస్తిగా కూర్చుంటుంది.

ఆ బాకీ ఊళ్ళో పెద్దింటిదైతే, వాళ్ళ గుమ్మం ముందు నిలబడి "నా డబ్బులివ్వండి" అని గట్టిగా అడగగలమా? అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న మనవాళ్ళు ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు మురికి చెయ్యొద్దన్న మాట దగ్గర. మన నోటికి జంకు ఊరికే రాలేదు. ఆ జంకు ఖరీదు కూడా లెక్కల్లో పడుతుంది.

ఇంకోటి. మొగుడూ పెళ్ళాం మిల్లులో చేసిన చాకిరీకి ఎవరూ ఖర్చు రాయరు. ఇద్దరికీ కలిపి నెలకి 10 వేలు వేసినా ఆ లాభం సున్నా.

2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా మొదలుపెట్టి, ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలన్నారు. మంచిదే. కానీ ప్రాజెక్టు రిపోర్టు ఎవరో రాస్తే మనం సంతకం పెడుతున్నాం. మన పేరు మీద అప్పు, ఇంకొకరి చేతిలో వ్యాపారం. ఈ బినామీకి తలుపు తీసేది ఆ చదవని సంతకమే.

అందుకే సంతకానికి ముందు అడగండి: రావాల్సింది ఎంత, ఎవరి నుంచి, ఎన్నాళ్ళుగా? కట్టాల్సింది ఎంత, ఎప్పటికి? నా కూలీ రాశారా?

షావుకారు పిల్లలు చిట్టా, ఆవర్జా ఇంట్లోనే నేర్చుకుంటారు. మన పిల్లలకి మనమే నేర్పాలి. బాబాసాహెబ్ 1923లో లండన్‌లో డి.ఎస్సీ. పట్టా తెచ్చుకుంది రూపాయి సమస్య మీదే. కాలనీ అంబేద్కర్ భవనంలో ఆదివారం ఒక్క గంట లెక్కల పాఠం పెట్టుకోలేమా?

వచ్చే భాగంలో వడ్డీ గురించి మాట్లాడుకుందాం.