జాయింట్ రిటర్నే గానీ జాయింట్ ఖాతా కాదు మహాప్రభో!

"ఆ ట్యాక్సుల గొడవంతా మా ఆయనే చూసుకుంటాడండీ."

అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఈ ముక్క ఎన్ని పాట్‌లక్కుల్లో విన్నానో లెక్కలేదు. అనేది ఎవరో కాదు, రోజంతా ఆఫీసులో పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టే అమ్మాయిలే. 2025 మార్చి దాకా నేనూ అన్నదాన్నే లెండి. ఇప్పుడు ఎవరైనా అంటే ఒళ్ళు మండుతోంది. ఎందుకో చెప్తాను.

మా ఆయన కంపెనీలోనూ, నా కంపెనీలోనూ హై డిడక్టబుల్ ఇన్సూరెన్సే. తన ప్లాన్లో తనూ, మా బుజ్జిదీ. నా ప్లాన్లో నేనొక్కదాన్నే. ఇద్దరికీ చెరో హెల్త్ సేవింగ్స్ అకౌంటు, అదే హెచ్‌ఎస్‌ఏ. పన్ను పడకుండా డబ్బు దాచుకుని వైద్యం ఖర్చులకి వాడుకునే ఖాతా ఇది. 2024లో తన ఖాతాలో కంపెనీ వాటాతో కలిపి 7,300 డాలర్లు పడ్డాయి. నా ఖాతాలో నా జీతంలోంచి 1,700, కంపెనీ ఇచ్చింది 600, వెరసి 2,300.

ఆ ఏడాది పరిమితి ఫ్యామిలీకి 8,300, ఒంటరి ప్లానుకి 4,150. ఆయనది 8,300 లోపే, నాది 4,150 లోపే. సుఖంగా ఉన్నాం కదా అనుకున్నాం. లేము!

భార్యాభర్తల్లో ఏ ఒక్కరికి ఫ్యామిలీ ప్లాన్ ఉన్నా, హెచ్‌ఎస్‌ఏ లెక్కలో ఇద్దరికీ ఫ్యామిలీ ప్లాన్ ఉన్నట్టే. ఇద్దరికీ కలిపి ఒకటే పరిమితి, 8,300. మా ఆయన ప్లాన్లో నా పేరు లేకపోయినా సరే. మేం వేసింది 9,600. అంటే 1,300 ఎక్కువ. (ఇద్దరివీ ఒంటరి ప్లాన్లే అయితే మాత్రం ఎవరి 4,150 వాళ్ళదే.)

ఇంతకీ ఈ సంగతి ఎవరైనా చెప్పారా? నా కంపెనీ హెచ్ఆర్‌కి మా ఆయన ఖాతా కనపడదు. ఆయన కంపెనీకి నాది కనపడదు. ఖాతా ఉన్న బ్యాంకులకీ అంతే. హైదరాబాద్ నుంచి రాత్రిపూట ఫోన్లు చేసే మా కన్సల్టెంటు గారు మాత్రం తెగ సంబరపడిపోయారు. "మేడమ్, మీ హెచ్‌ఎస్‌ఏ మీద ఇంకో 1,700 డిడక్షన్ పట్టాం, రిఫండ్ పెరిగింది!" అన్నారు.

ఆ మాటతో నాకు మొదటిసారి అనుమానమొచ్చి రిటర్న్ తెరిచి చూశాను. జీతంలోంచి కోసిన ఆ 1,700 మీద పన్ను అసలు పడనే లేదు, డబ్ల్యూ-2 మొదటి గడిలోంచి ముందే తీసేశారు. 12వ గడిలో డబ్ల్యూ అనే కోడ్ పక్కన కనిపించే 2,300లో అది కలిసే ఉంది. ఫారం 8889లో అది 9వ లైనుకి పోవాలి. సదరు కన్సల్టెంటు 9లో 2,300 వేసి, మళ్ళీ 2వ లైనులో 1,700 వేశాడు. 2వ లైను మన చేత్తో, జీతంతో సంబంధం లేకుండా వేసిన డబ్బుకి. ఒకే డబ్బుకి రెండుసార్లు మినహాయింపు అన్నమాట. మా 22 శాతం లెక్కన 374 డాలర్ల దొంగ రిఫండ్.

తప్పు పూర్తిగా ఆయనదీ కాదు. మన జీతంలోంచి కోసిన డబ్బుని "ఎంప్లాయర్ కట్టినది" అని పిలవడం ఏ తెలివిగలవాడి ఆలోచనో! ఇలాంటి పేరు ఒక వేరియబుల్‌కి పెడితే కోడ్ రివ్యూలో మనం చీల్చి చెండాడమూ?

సాఫ్ట్‌వేర్ పట్టుకోదా అంటారేమో. ఆయన 8889 దానికదే కరెక్టు. నా ప్లాన్ ఒంటరిదని టిక్ పెట్టారు కాబట్టి నా 8889 కూడా దానికదే కరెక్టు. యూనిట్ టెస్టులు రెండూ పాసే, కలిపితే ఢమాల్. ఇది మనకి తెలియని జబ్బా?

అసలు కోపం చట్టం మీద. 2003 డిసెంబరులో బుష్ సంతకం పెట్టిన మెడికేర్ చట్టంలోంచి పుట్టింది ఈ ఖాతా. పరిమితి ఇద్దరికీ ఒకటి, ఖాతా మాత్రం ఉమ్మడిగా తెరవనివ్వరు. రిటర్న్ ఒకటి, 8889లు రెండు. రెండు ఖాతాల లెక్కా చేరేది ఒక్క ఐఆర్ఎస్‌కే, 5498-ఎస్‌ఏ అనే ఫారం మీద. మన కాపీ పంపడానికి గడువు మే నెలాఖరు. రిటర్న్ గడువేమో ఏప్రిల్ 15. పరీక్ష రాశాక సిలబస్ ఇచ్చినట్టుంది!

ఎక్కువైన సొమ్ము మీద 6 శాతం జరిమానా, మాకైతే 78 డాలర్లు. "78 డాలర్లకి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు మా ఆయన. ఒకసారితో పోయేది కాదు బాబూ, సరిచేసేదాకా ఏటా పడుతూనే ఉంటుంది. పైగా జాయింట్ రిటర్న్ మీద నా సంతకమూ ఉంటుంది. అందులో రాసింది నిజమని ప్రమాణం చేసి పెట్టే సంతకం. పన్నుకి ఇద్దరం కలిసీ, విడివిడిగానూ బాధ్యులమే. "మా ఆయన చూసుకున్నాడు" అని రాసుకోవడానికి అందులో లైను లేదు. నిజానికి మా ఆయన్ని అనడానికీ లేదు. "నీ డబ్ల్యూ-2 పంపు" అన్నాడు, పంపేసి ఊరుకున్నదాన్ని నేనే.

ఏప్రిల్ 15 లోపల నా ఖాతాలోంచి 1,300, దాని మీద వచ్చిన రాబడితో సహా వెనక్కి తీశాం. రెండూ ఆదాయంలో చూపించాం, జరిమానా తప్పింది. నా 8889 నేనే నింపాను. గంట కూడా పట్టలేదు.

కాబట్టి అమ్మాయిలూ, మీ పేరున ఖాతా ఉంటే మీ 8889 మీ నంబరుతోనే ఉందో లేదో మీరే చూడండి. అబ్బాయిలూ, పీడీఎఫ్ పంపించుకుని ఊరుకోకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. 2026కి పరిమితి 8,750. ఎవరు ఎంత వేస్తారో ఆఫీసులో ప్లాన్ ఎంచుకునే రోజుల్లోనే మాట్లాడుకోండి. మీరు వేరేగా ఒప్పుకోకపోతే చెరిసగం అంటుంది రూలు. భార్యాభర్తల్లో ఒకరు మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ తీసుకుంటే, రెండోవాళ్ళ ఖర్చులకీ అది వర్తిస్తుంది కాబట్టి వాళ్ళు హెచ్‌ఎస్‌ఏలో డాలరు కూడా వేయకూడదు. అదీ అప్పుడే అడగండి.

తా.క.: కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్ళకి స్టేట్ రిటర్న్‌లో ఈ మినహాయింపే లేదు. డబ్ల్యూ-2లో స్టేట్ జీతం ఎక్కువుందని హెచ్ఆర్ మీద యుద్ధానికి వెళ్ళకండి :)