మిషన్ వచ్చింది, మెకానిక్ ఏడి?

నిజాంసాగర్ కాలువ కింద యాసంగి కోతలు మొదలయ్యాక బాన్సువాడ రోడ్డు మీద నిలబడి చూడండి. హార్వెస్టర్లు చాలావరకు పంజాబ్‌వి, డ్రైవర్లూ అక్కడివాళ్లే. నాటు మిషన్ల మీద జపాన్ కంపెనీల పేర్లు. పొలం మనది, వడ్లు మనవి. బెల్టు తెగితే మాత్రం మెకానిక్ కోసం ఫోన్లు ఎటెటో పోతాయి. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం గదిలో కూర్చున్న మీరు ఈ పని వైపు ఒక్కసారైనా చూశారా?

వ్యవసాయ యంత్రాల విషయంలో ఆసియా దేశాలు కలిసి నడవడం కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి కింద ఇందుకోసం 1977లోనే ఓ ప్రాంతీయ నెట్‌వర్క్ మొదలైంది. ఇప్పుడా కేంద్రం బీజింగ్‌లో ఉంది. పవర్ టిల్లర్లకు, నాటు మిషన్లకు మన దేశంతో సహా పలు దేశాల నిపుణులు ఉమ్మడి పరీక్షా పద్ధతులు రాసుకున్నారు. ఒక దేశంలో పరీక్షించిన మిషన్‌ను ఇంకో దేశంలో మళ్లీ మొదటి నుంచి పరీక్షించే తిప్పలు తప్పాలన్నది ఉద్దేశం. అలా మిషన్లు సులువుగా సరిహద్దులు దాటితే వాటిని పరీక్షించేవాళ్లు, బాగు చేసేవాళ్లు, నడపడం నేర్పేవాళ్లు కావాలి. అవీ కొలువులే కదా!

బీటెక్ అగ్రికల్చర్ ఇంజనీరింగ్ సంగారెడ్డి దగ్గర కందిలో ఉంది. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ ట్రేడ్ ఉంది. యంత్రాల శిక్షణకు, పరీక్షలకు దక్షిణాదికి ఉన్న కేంద్ర సంస్థ మాత్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో. బాన్సువాడ పిల్లగాడు అంత దూరం ఎట్లా పోతాడు? పక్కనే రుద్రూర్‌లో వరి, చెరకు పరిశోధన స్థానం ఉంది. నాట్లేసే ఆడకూలీల పని మిషన్లు లాక్కుంటున్నాయన్నదీ నిజమే. అందుకే రుద్రూర్‌లో నెల రోజుల కోర్సులు పెట్టి, ఆ ఇళ్ల పిల్లలకే ముందు సీట్లివ్వాలి. ఇది అడగాల్సింది మీరే. ఎమ్మెల్యే ఆఫీసుకు, వ్యవసాయ యూనివర్సిటీకి ఓ అర్జీ రాయండి.