గేటు లోపల జమైకా లేదు

అమెరికాలో ఉన్న తెలుగు దంపతులు పదో పెళ్ళిరోజుకు ఎక్కడికి వెళ్దామని ఎవరినైనా అడిగితే వచ్చే సలహా దాదాపు ఒకటే. ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోండి. కాన్‌కున్, పుంటా కానా, మాంటెగో బే, ఊరేదైనా ఫరవాలేదు. ఒకసారి డబ్బు కట్టేస్తే వారం రోజులు జేబులో చెయ్యి పెట్టే పని లేదు. తిండి, పానీయాలు, ఈత కొలను, ఇసుక మీద కుర్చీలు, రాత్రి పాటా ఆటా అన్నీ అందులోనే. ఎయిర్‌పోర్టులో హోటల్ వ్యాన్ ఎక్కితే మళ్ళీ ఆ వ్యానే తెచ్చి దింపుతుంది. ఈ సలహాకు ఈమధ్య ఇంకో మాట కూడా జతపడింది: మనలాంటివాళ్ళం వెళ్తేనే కదా ఆ పేద దీవులకు నాలుగు డబ్బులు! హాయిగా గడవడం సంగతి నేను కాదనను. దీవులకు మేలు చేస్తున్నామన్న ఆ రెండో మాటనే ఖండిస్తున్నాను. మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు కూడా అది నమ్మి నిశ్చింతగా ఉండడం నన్ను బాధపెడుతోంది.

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, పిల్లల చదువులు, వీసా గొడవలు, ఇండియాలో అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ మోస్తూ ఏడాదికి ఒక్క వారం ఊపిరి పీల్చుకోవాలనుకునే జంటను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ వారాన్ని మనకు అమ్ముతున్న పద్ధతి ఎలా పుట్టిందో, ఎలా పనిచేస్తుందో మాత్రం తెలుసుకోవాలి. నాకు కాస్త తెలిసిన జమైకా సంగతే చెబుతాను.

ముందే డబ్బు కట్టించుకుని అన్నీ లోపలే అమర్చే పద్ధతి 1950లో మెడిటరేనియన్ తీరంలో క్లబ్ మెడ్‌తో మొదలైంది. అక్కడ అతిథులు మెడలో పూసలు వేసుకుని, పానీయాలకు డబ్బులకు బదులు ఆ పూసలే ఇచ్చేవారు. జమైకాలో జాన్ ఇస్సా 1976లో నెగ్రిల్‌లో ఇదే తరహా హోటల్ తెరిచాడు. ఏ సంవత్సరమో గమనించండి. ఎన్నికల హింసతో రాజధాని కింగ్‌స్టన్ అట్టుడికి, ఆ జూన్‌లో దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. అమెరికా పత్రికల్లో జమైకా అంటే కాల్పులు, దోపిడీలే. విదేశీయులు బయట తిరగడానికి భయపడుతున్నారు కాబట్టి బయటికి రావాల్సిన అవసరమే లేకుండా అన్నీ లోపల పెడదామన్న ఆలోచన ఆ రోజుల్లో పాకింది. 1978లో ఓచో రియోస్‌లో జంటలకు మాత్రమే అంటూ ఒక హోటల్ వచ్చింది. 1981లో బుచ్ స్టీవర్ట్ మాంటెగో బేలో శాండల్స్ అనే హోటల్ మొదలుపెట్టి ఆ జంటల వ్యాపారాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేశాడు. ఇస్సా, స్టీవర్ట్ ఇద్దరూ జమైకా మనుషులే. విదేశీ పెట్టుబడిదారుల కుట్ర అని తేల్చేస్తే మన పని సులువవుతుంది గానీ అది నిజం కాదు. కష్టకాలంలో సొంత దేశంలో హోటళ్ళు నిలబెట్టడానికి వాళ్ళు పట్టుకున్న ఉపాయం అది. ఆ ఎమర్జెన్సీ ఏడాదిలోనే ముగిసింది. గోడ మాత్రం యాభై ఏళ్ళుగా నిలిచి ఉంది, ఇంకా పెరిగింది.

ఆ గోడను నిలబెడుతున్నది కాపలావాళ్ళకంటే ముందుగా కట్టిన డబ్బే. ఒక మధ్యాహ్నం సంగతి చూడండి. హోటల్ గేటు దాటి కొంచెం నడిస్తే రోడ్డు పక్కన జర్క్ చికెన్ బండి ఉంటుంది. నూనె పీపాను నిలువుగా రెండుగా కోసి, దానికి బందులు బిగించి పొయ్యి చేస్తారు. మసాలా అల్లం, వెల్లుల్లి, పిమెంటో గింజలు, స్కాచ్ బానెట్ మిరపకాయలు నూరి రాత్రే పట్టించి ఉంచుతారు. పిమెంటో చెక్క పొగలో మాంసం నిదానంగా మగ్గుతుంది. అడగ్గానే చెక్క మీద పెట్టి కత్తితో టకటకా ముక్కలు కొట్టి, వెండిరంగు కాగితంలో చుట్టి, పక్కన ఫెస్టివల్ అనే తియ్యటి వేపుడు రొట్టె పెట్టి ఇస్తారు. పొట్లం విప్పితే ఆ ఘాటుకు గుంటూరు మనిషి కళ్ళలోనూ నీళ్ళు తిరుగుతాయి. ఖర్చు కొద్ది డాలర్లే. అయినా మన జంట అక్కడికి వెళ్ళదు, ఎందుకంటే లోపల బఫే భోజనానికి ఇదివరకే కట్టేశారు. బయట తింటే ఒకే పూటకు రెండుసార్లు కట్టినట్టు అనిపిస్తుంది. ఇందులో ఆ జంట తప్పేమీ లేదు, లెక్క అలాగే చేయబుద్ధవుతుంది. ఐదారు వందల గదుల హోటల్లో అందరూ అదే లెక్క వేసుకుంటే ఆ బండివాడి గతేమిటి? పక్కన కొబ్బరిబోండాలు కొట్టే అతను, చెక్క బొమ్మలు చెక్కే ముసలాయన, ఎర్ర నంబరు ప్లేటుతో తిరిగే టాక్సీ డ్రైవరు, వీళ్ళందరికీ అతిథి కనబడేది వ్యాను అద్దం వెనక మాత్రమే.

మరి కట్టిన డబ్బు ఎటు పోతోంది? టికెట్టు సొమ్ము చాలావరకు అమెరికా విమాన సంస్థకు. ప్యాకేజీ అమ్మిన కంపెనీది ఒక వాటా. హోటల్ చాలాసార్లు స్పెయిన్ వాళ్ళది. జమైకాలో పెద్ద హోటళ్ళున్న రియు, ఐబెరోస్టార్ రెండింటి కేంద్ర కార్యాలయాలూ స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలోనే ఉన్నాయి. బఫేలో మాంసం, చీజ్, వైన్, పళ్ళు చాలావరకు ఓడల్లో దిగుతాయి. కరీబియన్ దేశాల కూటమి కారికోమ్ ఆహార దిగుమతుల ఖర్చును 2025 నాటికి పావువంతు తగ్గించాలని గట్టిగా అనుకుంది. అది జరగక గడువును 2030కి జరుపుకుంది. కరీబియన్‌లో పర్యాటకుల ఖర్చులో 80 శాతం దాకా బయటికే వెళ్ళిపోతుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఒకప్పుడు ఒక అంచనాను ప్రస్తావించింది. అది పాత లెక్క, పైగా దీవిని బట్టి మారేది. దాని మీద నా వాదన నిలబెట్టను. డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో చూస్తే చాలు.

ఉద్యోగాలు ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు, వేలల్లోనే ఇస్తున్నారు. ఏటా నలభై లక్షలమందికి పైగా సందర్శకులు వచ్చే దేశంలో హోటలు కొలువు మీద ఇల్లు నడుపుకునే కుటుంబాలను నేను చిన్నచూపు చూడను. జీతం సంగతి కూడా చెప్పుకుందాం. 2025 జూన్‌లో పెంచిన తరవాత జమైకాలో కనీస వేతనం 40 గంటల వారానికి 16,000 జమైకా డాలర్లు, అంటే సుమారు వంద అమెరికన్ డాలర్లు. మంచి రిసార్టులో జంటకు వారానికి మూడు నాలుగు వేల డాలర్లు అవుతుంది. కనీస వేతనం దగ్గరే ఉన్న గది శుభ్రం చేసే ఆవిడ నెలంతా పక్కలు సర్దితే వచ్చేది మనం అక్కడ ఒక్క రోజుకు కట్టే డబ్బు. కొన్ని హోటళ్ళు అంతకంటే ఎక్కువే ఇస్తాయి, సర్వీస్ ఛార్జీలో వాటా ఇచ్చేవీ ఉన్నాయి. అయినా 2024 నవంబరులో వరసగా అనేక హోటళ్ళ సిబ్బంది పని ఆపి గేట్ల ముందుకొచ్చి నిలబడ్డారు. జీతాలు చాలడం లేదని, ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉంచుతున్నారని వాళ్ళ గోడు. మనం వెళ్ళడం వల్ల బాగుపడుతున్నారని మనం చెప్పుకునే మనుషులే వాళ్ళు.

అన్నిటికంటే నా మనసును నొప్పించేది సముద్రం సంగతి. జమైకా ఇంకా బ్రిటిష్ పాలనలో ఉండగా 1956లో బీచ్ కంట్రోల్ చట్టం చేశారు. దాని ప్రకారం తీరం ప్రభుత్వానిది. జనానికి అక్కడికి వెళ్ళి స్నానం చేసే సాధారణ హక్కంటూ లేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, చట్టం మిగిలింది. మాంటెగో బే దగ్గర నేను చూసిన ఒక తీరంలో ఇసుక మీదుగా ఒక తాడు కట్టి, దాన్ని నీళ్ళలోకి లాగి తెల్లటి బంతులు తేల్చారు. తాడుకు ఇటు వరసగా కుర్చీలు, నీలం తువ్వాళ్ళు. అటు, రాళ్ళు తేలిన చిన్న ముక్కలో పిల్లలు ఈదుతున్నారు. ఒక మనిషి మెడ నిండా పూసలదండలు వేలాడేసుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఇటువైపు వాళ్ళను పిలుస్తున్నాడు. యూనిఫాం వేసుకున్న కాపలాదారు అతని మీద నుంచి కళ్ళు తిప్పడం లేదు. ఆ కాపలాదారు కూడా ఆ ఊరివాడే. సెలవురోజు కుటుంబంతో వస్తే అతనూ తాడుకు అటువైపే ఉండాలి.

జమైకా బీచ్ బర్త్‌రైట్ ఎన్విరాన్‌మెంటల్ మూవ్‌మెంట్ అనే ప్రజాసంస్థ ఈ చట్టం మీద పోరాడుతోంది. మామీ బే, బ్లూ లగూన్ వంటి తీరాల కోసం కోర్టుకెక్కింది. ఇలాగే ఉండాలన్న రూలేమీ లేదు. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే. డొమినికన్ రిపబ్లిక్‌లో అలల హద్దు నుంచి 60 మీటర్ల నేల ప్రజలదని 1968 నుంచి చట్టం ఉంది, కాకపోతే అక్కడికి వెళ్ళే దారి హోటల్ నేల మీదుగా పోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. 2023లో రుషికొండ బీచ్‌కు 20 రూపాయల టికెట్ పెడతామంటేనే విశాఖ జనం ఊరుకోలేదు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. సొంత ఊళ్ళో సముద్రానికి టికెట్ ఏమిటని కోప్పడే మనం, పరాయి ఊళ్ళో ఆ ఊరివాళ్ళనే సముద్రానికి దూరం చేసిన చోట తువ్వాలు పరుచుకుని పడుకుంటున్నాం.

బయట భద్రత లేదు అన్నది అందరూ చెప్పే కారణం. జమైకాలో హత్యల రేటు దశాబ్దాలుగా చాలా ఎక్కువ, దాచాల్సిన పని లేదు. ఆ హింస ఎక్కువగా ముఠాలున్న కొన్ని పేటలది. షికాగోలో, హ్యూస్టన్‌లో ఏ వీధికి ఏ వేళప్పుడు వెళ్ళకూడదో మనకు తెలుసు. అంతమాత్రాన ఊరంతా ఇంట్లో తలుపులేసుకుని కూర్చోవడం లేదు కదా. ఆ జాగ్రత్తే అక్కడా చాలు. లాబీలో టూర్లు అమ్మే బల్ల దగ్గర, బయట టాక్సీ ఎక్కవద్దు, మా బస్సే ఎక్కండి అని చెప్పేవారికి మీ భయం వల్ల లాభం ఉందన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

శాకాహారులం, బయట ఏం తింటాం అనేవాళ్ళకు ఒక మాట. జమైకాలో పొద్దున్నే వండే కలలూ మరేదో కాదు, తోటకూర. పండగకు కొబ్బరిపాలు పోసి అన్నంలో కలిపి వండే గంగో పీస్ మన కందులే. సీమపనస ఉంది, చేమదుంప ఉంది, బెండకాయ ఉంది. రాస్తాఫారీ మతస్థులు మాంసం ముట్టకుండా, ఉప్పు కూడా చాలావరకు మానేసి వండే ఐటల్ భోజనం చిన్న చిన్న పాకల్లో దొరుకుతుంది. ఇవన్నీ గేటుకు బయట ఉంటే, మన జంట లోపల చల్లారిన పాస్తా తిని, వెజ్‌కు ఏమీ లేదండీ అని తిరిగొస్తోంది.

కొన్ని వంటలు అక్కడికి ఎలా చేరాయో కూడా తెలియాలి. 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడ ఇండియా నుంచి కూలీలను ఓల్డ్ హార్బర్ రేవులో దించింది. 1917 వరకు సుమారు 36 వేలమంది అలా జమైకా చేరారు. కరీబియన్‌కు మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈనాడు జమైకాలో పెళ్ళికీ చావుకూ వండే మేకమాంసం కూర, రోటీ ఆ కూలీల వంటింటి నుంచి వచ్చినవే. ఆ కూలీ తోట దాటి బయటికి వెళ్ళాలంటే చేతిలో చీటీ ఉండాలి, లేకుంటే శిక్ష. ఇప్పుడు పెద్ద హోటళ్ళు, గోల్ఫ్ మైదానాలు ఉన్న రోజ్ హాల్ ఒకప్పుడు బానిసలు చెమటోడ్చిన చెరకు తోట. ఎవరెక్కడ అడుగు పెట్టవచ్చో గేటు దగ్గర తేల్చే అలవాటు ఆ నేలకు కొత్త కాదు.

ఇంతకూ ఏం చేయాలి? జమైకా మానేయమని నేను చెప్పను. మానేస్తే మొదట పోయేది గదులు సర్దే ఆవిడ కొలువే. వెళ్ళండి, కానీ ఏడు రాత్రులూ ఒకే గోడ లోపల కొనకండి. దక్షిణ తీరంలో ట్రెజర్ బీచ్ అనే ఊరుంది. జాలర్లు, రైతులు ఉండే ఊరు. అక్కడి కుటుంబాలే చిన్న గెస్ట్‌హౌస్‌లు నడుపుతాయి. బ్రెడ్స్ అనే ఊరి సంస్థ 1998 నుంచి అక్కడ పనిచేస్తోంది. 2024 జూలైలో బెరిల్, 2025 అక్టోబరులో మెలిస్సా తుఫానులు ఆ తీరాన్ని రెండుసార్లు దెబ్బకొట్టాయి. కప్పులు మళ్ళీ వేసుకుంటున్న ఆ ఊళ్ళకు అతిథి కట్టే గది అద్దె, కొనే చేప, ఎక్కే పడవ నేరుగా చేరతాయి. రిసార్టు తప్పదనుకుంటే మూడు రాత్రులు అక్కడుండి, మిగతా నాలుగు బయట ఉండండి. టాక్సీ డ్రైవరుతో ముందే బేరం మాట్లాడుకోండి. భోజనం గది ధరలో కలవని చోటు వెతకండి. బుక్ చేసేముందు ఆ హోటల్‌కు ఒక మెయిల్ రాసి రెండు సంగతులు అడగండి: మీ వంటింట్లో కూరగాయలు ఏ రైతుల దగ్గర కొంటారు, మీ ముందున్న బీచ్‌లోకి ఊరివాళ్ళను రానిస్తారా? జవాబు రాకపోతే మీ డబ్బు అక్కడ కట్టకండి.