చెయ్యి తీస్తే నిలబడేది

2024 మార్చి 18న అద్దంకి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు దిగాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు కాంక్రీటు రోడ్డు మీద వాలి మళ్లీ పైకి లేచాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు దిగబోతున్నాయేమో అన్నంత కిందికి వచ్చి వెళ్లిపోయాయి. యుద్ధమో, వరదో, తుపానో వచ్చినప్పుడు పనికి వస్తుందని 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కట్టిన రన్‌వే అది. దాని మీద తొలి ప్రయత్నం 2022 డిసెంబరు 29న జరిగింది. అదే దారిలో దక్షిణంగా వస్తే సింగరాయకొండ దగ్గర కూడా ఇలాంటి అవసరానికే రోడ్డును మలిచారు. పాకల తీరానికి వెళ్లే పిల్లలు, కందుకూరు బస్సెక్కే పిల్లలు ఆ రోడ్డు గురించి వింటూనే పెరుగుతున్నారు.

వాళ్లకు ఆకాశంలో యంత్రం ఇప్పుడు వింత కాదు. పెళ్లి ఊరేగింపు మీద ఫొటోగ్రాఫరు డ్రోను తిరుగుతుంది. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసిన తర్వాత మందు కొట్టే డ్రోను మాట ప్రతి రచ్చబండకూ చేరింది. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోను పైలట్లకు శిక్షణ ఇస్తోంది. పొదుపు సంఘాల మహిళల చేతికి పదిహేను వేల డ్రోన్లు ఇవ్వాలని 2023లో కేంద్రం పథకం పెట్టింది. ఇవన్నీ సంతోషించదగ్గవే. మందు డబ్బా వీపున మోసుకుని, ఆ తుంపర పీల్చుకుంటూ సాళ్ల మధ్య నడిచిన మనిషికి డ్రోను చేసే మేలు చిన్నది కాదు.

కానీ ఈ పిల్లల్లో ఒకరిని పిలిచి, అది గాలిలో ఎలా నిలబడుతోంది అని అడగండి. మోటార్లు తిరుగుతున్నాయి కదా అంటారు. అది సగమే జవాబు. డ్రోను కడుపులో చిన్న కంప్యూటరు ఒకటి కూర్చుని, ఎటు ఒరుగుతోందో కనిపెట్టి, నాలుగు మోటార్ల వేగాన్నీ సెకనుకు వందల సార్లు సవరిస్తూ ఉంటుంది. ఆ కంప్యూటరు ఒక్క క్షణం ఆగితే డ్రోను నేల మీద ఉంటుంది. నడిపేవాడికి ఆ సవరింపు కనిపించదు, వినిపించదు, దాని గురించి ఆలోచించే పనీ పడదు. రిమోట్ మీద వేలు పెట్టాడు, అది వెళ్లింది. అంతే.

ఇందుకు పూర్తిగా భిన్నమైనది, రేడియోతో నడిపే చిన్న విమానం. అందులోనూ కొత్తవాళ్లు మొదట కట్టుకునే శిక్షణ విమానం, అంటే ట్రైనర్. దాన్ని నిలబెట్టేది దాని ఆకారమే. గాలిలో ఉండగా కంగారుపడి ఏం చేయాలో తోచకపోతే చేయాల్సిన పని ఒక్కటే: రిమోట్ పుల్లల మీద నుంచి వేళ్లు తీసేయడం. కాస్త ఎత్తులో ఉంటే చాలు, విమానం తనంతట తాను సర్దుకుంటుంది. మోటారు ఆగిపోయినా రాయిలా పడదు, జారుకుంటూ దిగుతుంది. మన పల్లె బడుల్లో పిల్లలు డ్రోను నడపడానికి ముందో వెనకో ఇలాంటి విమానాన్ని ఒక్కటైనా తమ చేతులతో కట్టాలని గట్టిగా కోరుకుంటున్నాం.

కట్టడానికి కావలసినవి దూరాన లేవు. విదేశాల్లో బాల్సా చెక్క వాడతారు. ఈక్వెడార్ అడవుల నుంచి వచ్చే ఆ తేలికైన చెక్క మనకు ఖరీదు. ఫ్లెక్సీలు వేసే దుకాణంలో దొరికే సన్‌బోర్డు, ప్యాకింగులో వచ్చే థర్మాకోలు, గట్టి వెదురు బద్దలు మొదటి విమానానికి సరిపోతాయి. థర్మాకోలు మీద ఫెవిక్విక్ పూస్తే అది కరిగి గుంట పడుతుంది. ఫెవికాల్ పెట్టి బరువు ఉంచి రాత్రంతా ఆరనివ్వాలి. తోకలోని పలకలను కదిపే తీగలకు సైకిలు చువ్వలు చాలు. కొనక తప్పనివి మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే బోర్డు, పలకలను కదిపే రెండు మూడు చిన్న సర్వోలు, రిసీవరు, రిమోట్, లిథియం బ్యాటరీ. వీటికి కొన్ని వేలు అవుతాయి. ఒక ఇంటికి అది బరువే, ఒక బడికి కాదు. పైగా విమానం విరిగినా ఇవి చాలావరకు మిగులుతాయి, తర్వాతి విమానంలోకి మారతాయి.

రెక్క పొడవు ఒక మీటరూ ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు ఇరవై సెంటీమీటర్లు అనుకుందాం. బ్యాటరీతో సహా మొత్తం బరువు ముప్పావు కిలోకు అటూ ఇటూ రావాలి. రెక్క విమానం నెత్తిన ఉండాలి, అడుగు వైపు చదునుగా, పై వైపు ఉబ్బెత్తుగా ఉండాలి. అప్పుడది నిదానంగా వెళ్తున్నా బరువు మోస్తుంది. రెక్కల కొసలు రెండూ కొంచెం పైకి లేవాలి. ముందు నుంచి చూస్తే వెడల్పుగా తెరిచిపెట్టిన పుస్తకంలా ఉండాలి. విమానం ఎడమకు ఒరిగిందనుకోండి, అది ఎడమ పక్కకే కాస్త జారుతుంది. జారినప్పుడు గాలి ఆ కింది రెక్కను ఎక్కువ వాలుగా తాకి పైకి నెడుతుంది, విమానం మళ్లీ సమం అవుతుంది. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. తొమ్మిదో తరగతి పిల్లకు ఈ సంగతి నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసి చెప్పినా, తను అంటించిన రెక్క అలా సర్దుకోవడం చూసినప్పుడు కలిగే నమ్మకం కలగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గురుత్వ కేంద్రం. ఇరవై సెంటీమీటర్ల రెక్క అయితే దాని ముందు అంచు నుంచి అయిదారు సెంటీమీటర్ల దగ్గర రెండు చూపుడు వేళ్ల మీద విమానాన్ని ఆనించి చూడాలి. ముక్కు కొద్దిగా కిందికి వంగితే మంచిదే. తోక కిందికి వాలితే మాత్రం ఎగరేయకూడదు. బ్యాటరీని ముందుకు జరపాలి, చాలకపోతే ముక్కులో బరువు పెట్టాలి. అందంగా రంగులేసిన విమానం కూడా ఈ ఒక్క పరీక్షలో తప్పితే గాలిలోకి వెళ్లిన మరుక్షణం ముక్కు ఎత్తుకుని తిరగబడుతుంది. లెక్కల పుస్తకంలో ఒక సెంటీమీటరు చిన్న తేడా. ఇక్కడ విమానం మిగలడానికీ మిగలకపోవడానికీ మధ్య తేడా అదే.

ఇది ఈనాటి తెలివి కాదు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీస్ తోటలో ఇరవై ఒక్కేళ్ల అల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని వదిలాడు. పైకి లేచిన రెక్క కొసలు, వెనక తోక. పదకొండు సెకన్లలో సుమారు నలభై మీటర్లు ఎగిరింది. మనిషి చెయ్యి లేకుండా తనంత తాను నిలకడగా ఎగిరిన తొలి విమానాల్లో అదొకటి. పెనో ముప్పై ఏళ్లకే చనిపోయాడు. ఆయన రూపొందించిన రబ్బరు హెలికాప్టరు బొమ్మలాంటిదే 1878లో మిల్టన్ రైట్ తన కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే విల్బర్, ఆర్విల్. పాతికేళ్లకు, 1903 డిసెంబరు 17న వాళ్లు ఎగరేసిన విమానం మాత్రం పెనో దారికి వ్యతిరేకం. దానికి స్వతహాగా నిలకడ లేదు, పైలటే క్షణక్షణం దాన్ని పట్టి ఉంచాలి. సైకిళ్ల దుకాణం నడిపిన అన్నదమ్ములకు, తొక్కేవాడు నిలబెడితేనే నిలిచే బండి అంటే భయం లేదు.

ఆ రెండో దారి చివర మన తేజస్ ఉంది. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ సారథ్యంలో రూపుదిద్దుకుని, 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన ఈ యుద్ధవిమానాన్ని కావాలనే నిలకడ లేకుండా తీర్చారు. అలా ఉంటేనే అది మెరుపులా మలుపు తిరుగుతుంది. నిలబెట్టే పనిని కంప్యూటర్లకు అప్పగించారు. ఎంత నిలకడను ఎందుకు వదులుకుంటున్నారో అంగుళం అంగుళం లెక్క తెలిసినవాళ్లు చేసిన పని అది. సింగరాయకొండ బడి నుంచి రేపు అలాంటి చోటికి వెళ్లాల్సిన పిల్లకు ముందుగా కావలసింది పెనో దారి. నిలకడ అంటే ఏమిటో చేత్తో పట్టి చూసినవాళ్లకే, దాన్ని ఎక్కడ వదలవచ్చో తెలుస్తుంది.

నమూనా విమానాన్ని రేడియోతో నడపడం పెనోకు చాలా తర్వాత వచ్చింది. 1937లో అమెరికాలోని మిషిగన్‌లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ‘గఫ్’ అని పేరుపెట్టుకున్న నమూనా విమానాన్ని రేడియోతో నడిపారు. అది ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మన దేశంలో ఎన్‌సీసీ వైమానిక విభాగం కేడెట్లకు నమూనా విమానాలు కట్టడం శిక్షణలో భాగం. ఆ అవకాశం ఉన్న బడులు, కాలేజీలు మాత్రం తక్కువ.

విమానం సిద్ధమయ్యాక తొందర పనికిరాదు. ముందు మోటారు వేయకుండా, గాలికి ఎదురుగా, భుజం ఎత్తు నుంచి సమంగా వదలాలి. ముక్కు ఎగదన్ని ఆగి పడుతోందా, నేలకు గుచ్చుకుంటోందా, తిన్నగా జారి వాలుతోందా అన్నది చూసి సవరించాలి. ఒక పూటంతా దీనికే పోయినా మంచిదే. రైల్వే వంతెన మీద బండి ఎలా నిలుస్తుందో ఎవరో లెక్క కట్టి ఉంటారని మనం నమ్ముతాం. ఇక్కడ లెక్క కట్టినవాడు, నమ్మాల్సినవాడు ఒక్కడే.

ఎగిరాక ఎదురయ్యే అసలు చిక్కు ఇంకొకటి ఉంది. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు కుడి అంటే కుడే. అది తిరిగి మన వైపు వస్తున్నప్పుడు మనం కుడికి తిప్పితే అది మన కళ్లకు ఎడమకు పోతుంది. కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా కూలేది ఇక్కడే. అలా మన వైపు వస్తున్నప్పుడు ఏ రెక్క వంగిందో పుల్లను ఆ వైపుకే నెట్టాలి, అదే కిటుకు. పిల్లలు దాన్ని పెద్దలకన్నా త్వరగా పట్టుకుంటారు. ఎదుటివాడి చోట నిలబడి దిక్కులు చూసే అలవాటు దీనితో వస్తుంది.

కూలుతుంది కూడా. కూలకుండా నేర్చుకున్నవాళ్లు అరుదు. అందుకే శిక్షణ విమానానికి రెక్కను మేకులతో బిగించరు, రబ్బరు బ్యాండ్లతో కడతారు. నేలను తాకినప్పుడు రెక్క ఊడి పక్కకు పోతుంది, విరగదు. పడిపోవడాన్ని లెక్కలోకి తీసుకునే దాన్ని కట్టారు. మార్కుల కోసం ఒక్క తప్పునూ సహించని చదువుల మధ్య పెరుగుతున్న పిల్లలకు ఆ నాలుగు రబ్బరు బ్యాండ్లు చేసే మేలు తక్కువేమీ కాదు. విరిగిన ముక్కును మళ్లీ అంటించి సాయంత్రానికి ఎగరేసిన పిల్లవాడు, పదో తరగతి ఫలితాల రోజున కాస్త భిన్నంగా నిలబడతాడని మా నమ్మకం.

ఇక చోటు. పత్తికట్టె పీకేసిన చేను, మిరప కోత అయిపోయిన చేను, వేసవిలో మైళ్ల కొద్దీ ఖాళీగా ఉంటాయి. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది కాబట్టి చక్రాలు పనికిరావు. చేత్తో విసిరి, పొట్ట మీద దించడమే మేలు. తెల్లవారాక మొదటి గంటా గంటన్నర గాలి స్తిమితంగా ఉంటుంది. పొద్దెక్కితే నేల వేడికి గాలి లేచి చిన్న విమానాన్ని ఎటో ఎగరేసుకుపోతుంది, ఆ తర్వాత సముద్రపు గాలి మొదలవుతుంది. కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసి మనుషులు పనిచేస్తున్న చోటికి, కరెంటు తీగల దగ్గరికి, రైలు పట్టాల వైపు, రహదారి వైపు విమానం పోకూడదు. తిరుగుతున్న ప్రొపెల్లరు వేలు తెగ్గొడుతుంది. లిథియం బ్యాటరీని చార్జింగులో పెట్టి ఎవరూ వదిలి వెళ్లకూడదు.

చట్టం అడ్డు కాదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నిబంధనలు, చదువుకో సరదాకో కంటికి కనిపించేంత దూరంలోనే నడిపే నమూనా విమానాలను విడిగా గుర్తించాయి. ఎక్కడ ఎగరేయవచ్చో చెప్పే పటం డిజిటల్ స్కై వేదికలో ఉంది. సూర్యలంక వైమానిక స్థావరం ఉన్న తీరం మనది, రోడ్డు మీద రన్‌వేలున్న ప్రాంతం మనది. పటం చూడకుండా ఎగరేయకూడదు, విన్యాసాలున్న రోజుల్లో అసలు ఎగరేయకూడదు.

కొన్ని బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్నాయి. 2016లో మొదలైన ఈ పథకం కింద ఒక్కో బడికి ఇరవై లక్షల వరకు ఇస్తారు. సర్వోలు, మోటార్లు, టంకం పెట్టే సరంజామా అందులోనే సమకూర్చుకోవచ్చు. ల్యాబు లేని బడికి పక్క మండలంలోని ల్యాబు తలుపు తెరవాలి. భౌతికశాస్త్రం పంతులు, ఫ్లెక్సీ దుకాణం కుర్రాడు, సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి కలిస్తే కట్టే పని సాగిపోతుంది.

నేర్పేవాళ్ల సంగతి మిగిలింది. ఈ రిమోట్లలో రెండింటిని జతచేసే వీలుంది. పిల్లవాడు ఒకటి పట్టుకుంటాడు, నేర్పేవాళ్లు రెండోది. విమానం అదుపు తప్పుతుంటే నేర్పేవాళ్లు ఒక మీటతో దాన్ని తమ చేతిలోకి తీసుకుంటారు. ఆ రెండో రిమోట్ పట్టుకోవడానికి లాంలో శిక్షణ పొందిన డ్రోను పైలట్లు, వాయుసేనలో పనిచేసి ఊరికి తిరిగివచ్చినవాళ్లు ముందుకు రావాలి. రెక్కల విమానం డ్రోనులా నిలవదు కాబట్టి పైలట్లు కూడా ముందు కొంత సాధన చేయాలి. ఏప్రిల్ చివర బడులు మూసేలోగా మండల విద్యాధికారి ఒక పొలం యజమానితో మాట్లాడి, ఆదివారం పొద్దులకు ఆ చేనును అడిగి పెట్టాలి. తొలకరికి దుక్కి మొదలయ్యేదాకా అయిదారు వారాలు దొరుకుతాయి. ఒక బడి ఒక విమానం కట్టి ఎగరేయడానికి ఆ వ్యవధి చాలు.